సున్నా తీసిన రోజు

"మీ ఇంట్లో పసిబిడ్డ ఒంటరిగా ఉంది. పెద్దవాళ్ళెవరూ లేరు."

ఫోన్లో ఈ కబురు మెరిసేసరికి అనసూయ మున్సిపల్ ఆఫీసులో టీ గ్లాసు అందుకుంటోంది. గ్లాసు అక్కడే పెట్టేసి వరండాలోకి వచ్చింది. మొదటిసారి వచ్చిన కబురైతే కంగారు పడేది. దసరా నుంచి ఇదే వరస కాబట్టి కంగారు పోయి కోపం మిగిలింది.

"యాడికి పోయినవే పిల్లను ఇడిచిపెట్టి?" అంది, కూతురు ఫోన్ ఎత్తీ ఎత్తకముందే.

"యాడికీ పోలేదమ్మా. ఇంట్లనే ఉన్న. పిల్ల నా ఒళ్ళనే ఉన్నది, పాలు తాగుతున్నది" అంది వినీల.

"మరి పెట్టె అబద్ధం చెప్తదా?"

 వినీల నెమ్మదిగా, "నేను చెప్తనా?" అని అడిగి ఫోన్ పెట్టేసింది.

కూతురి మాట కంటే కరెంటు స్తంభం మీది పెట్టె మాట ఎక్కువైందా ఈవిడకు అని మీకు అనిపిస్తే, ఆ పెట్టెకూ అనసూయకూ ఉన్న సంబంధం కొంచెం చెప్పాలి.

ఆ ఊరంతా మరమగ్గాలే. అక్కడ వాటిని సాంచెలంటారు. అనసూయ పుట్టిందీ పెరిగిందీ సాంచెల వాడలో. చదువుకుని అదే ఊరి పురపాలక సంఘంలో పట్టణ ప్రణాళిక అధికారి అయింది, ఇల్లు మాత్రం వాడలోనే ఉంచుకుంది. వీధి స్తంభాలకు చెప్పుల డబ్బా అంత రేడియో పెట్టెలు బిగిస్తామని కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు ఆమె వాళ్ళకు పట్టపగలే చుక్కలు చూపించింది. స్తంభానికి ఒకటే పెట్టె. బోనం నెత్తిన పెట్టుకుని నడిచే ఆడమనిషి దీపానికి తగలనంత ఎత్తులో ఉండాలి. వేలాడే తీగలు కనిపించకూడదు. రంగు స్తంభం రంగే. బడి కిటికీకి ఎదురుగా వద్దు. ఇలా రాసుకుంటూ పోయింది. ఆ నిబంధనలు చూసి చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు మాకూ ఒక కాపీ ఇవ్వండని అడిగారు. అనసూయకు అందులో కాస్త గర్వం ఉండేది, ఎందుకు ఉండకూడదు?

ఆ పెట్టెలు ఫోన్లకు సిగ్నల్ ఇచ్చి ఊరుకునేవే అయితే ఈ కథే లేదు. హైదరాబాదులో ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో పనిచేసే ఫర్హత్ అనే ఆమె వాటికి మరో విద్య నేర్పింది. పెట్టె నుంచి వెళ్ళే రేడియో తరంగాలు గోడలు దాటి మనుషులకు తగిలి వెనక్కి వస్తాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ పైకి లేస్తుంది, వదిలినప్పుడు దిగుతుంది. ఆ కాస్త తేడా తిరిగివచ్చే తరంగంలో తెలుస్తుంది. దాంతో ఇంట్లో ఎందరున్నారో, పెద్దవాళ్ళో పసివాళ్ళో పెట్టె చెప్పేస్తుంది. ముసలివాళ్ళు పడిపోతే కబురు చేస్తుంది. మంటలు లేస్తే ఏ ఇంట్లో మనుషులున్నారో అగ్నిమాపక దళానికి చూపిస్తుంది.

అయితే ఒక చిక్కు ఉంది. ఇళ్ళలో కదిలేవి మనుషులొక్కరే కాదు కదా. ఫ్రిజ్జు వణుకుతుంది, పరదా ఊగుతుంది, చూరులో పావురాలు కాపురం చేస్తాయి. అందుకని ఖాళీ ఇంటిని పెట్టె ఒక రోజంతా చూసి, అందులో కదిలే ప్రతిదీ ఇంటి సొంతమని నేర్చుకోవాలి. ఆ తర్వాత దాన్ని లెక్కలోంచి తీసేయాలి. నూనె కొనేటప్పుడు ఖాళీ గిన్నె బరువు ముందే తీసేస్తాం చూడండి, అలాగ. దాన్ని సున్నా తీయడం అనేవాళ్ళు.

"మా ఊపిర్లు మీ డబ్బాల దాసుకుంటరా?" అని వార్డు సభలో ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. అందుకే అనసూయ నిబంధనల్లో ఇంకొకటి చేర్చింది. సున్నా తీసే రోజు ఇంట్లో మనిషి ఉండకూడదు, ఏ మనిషి ఊపిరీ పెట్టెలో శాశ్వతంగా నిలవకూడదు. సాంచెలన్నీ ఆగి, వాడ వాడంతా ఇళ్ళకు తాళాలేసి కదిలేది ఏడాదిలో పోచమ్మ బోనాల నాడొక్కటే. పొద్దున వెళ్ళి ఊరి బయట మామిడితోటలో వండుకు తిని చీకటి పడే వేళకు వస్తారు. ఆ రోజే సున్నా తీయమని ముహూర్తం పెట్టింది అనసూయే. ఇళ్ళన్నీ ఖాళీగా ఉన్నాయని సంతకం పెట్టిందీ అనసూయే.

దసరా వెళ్ళిన వారానికి పెట్టెలు తమ పని చూపించాయి. బాలవ్వ అనే ఆవిడ ఇంటి ముందు సాంచెల షెడ్డులో కరెంటు తీగలు అంటుకున్నాయి. నూలు కదా, చూస్తుండగానే మంట పక్కింటికి పాకింది. అనసూయ అక్కడికి పరుగెత్తేసరికి అగ్నిమాపక దళం చేతిలో పెట్టెల లెక్క చూపించే పలక వెలుగుతోంది. పక్కింట్లో ముగ్గురు, బాలవ్వ ఇంట్లో ఎవరూ లేరు. ఒక్క క్షణం ఆలోచించే పని లేకుండా పక్కింటి తలుపు పగలగొట్టి ముగ్గురినీ బయటికి తెచ్చారు. ఈలోగా బాలవ్వ కొడుకు రాజమల్లు ఎక్కణ్ణుంచో పరుగెత్తుకొచ్చి మంటల్లోకి పోబోయాడు.

"అక్కా, మా అవ్వ లోపల్నే ఉన్నది. పండుకోని ఉన్నది, నేను చూసే పోయిన" అన్నాడు.

అనసూయ అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "లోపల ఎవ్వరు లేరు రాజమల్లూ. చూడు, పెట్టె చెప్తున్నది. మీ అవ్వ బీడీలు చుట్టనీకి ఎవరింటికన్న పోయుంటది."

బాలవ్వ ఎవరింటికీ పోలేదు. మంటలారాక తెలిసింది. పెట్టె లెక్క చూపిన తర్వాత ఆమె పెరటి తలుపు గుండా లోపలికి వెళ్ళి ఉంటుందని విచారణలో తేల్చారు. ఆ కాగితం మీద కూడా అనసూయ సంతకం ఉంది. ముగ్గుర్ని బతికించిన పెట్టె ఒకరి విషయంలో పొరబడుతుందా అనే అందరూ అనుకున్నారు. రాజమల్లు మాత్రం అప్పట్నుంచి అనసూయ ఎదురైతే తల తిప్పుకుని పోతున్నాడు. దుఃఖం కదా అని ఆమె సరిపెట్టుకుంది.

ఇదీ సంగతి. ఇక ఆ సాయంత్రం అనసూయ ఇంటికి వచ్చేసరికి వినీల మంచం మీద గోడవైపు తిరిగి కూర్చుంది. ఏడ్చిన ముఖం. పక్కన మనవరాలు చిన్ని, కాళ్ళు ఎగరేస్తూ ఆడుకుంటోంది.

"ఆయన ఫోన్ చేసిండు" అంది వినీల. ఆమె భర్త నరహరి ముంబయి దగ్గరి భీవండిలో సాంచెల మీద పనిచేస్తాడు. పెట్టె కబుర్లు అతని ఫోనుకూ పోతాయి. "రోజూ యాడికి పోతున్నవ్, ఎవలి కోసం పోతున్నవ్ అని అడుగుతున్నడు. వచ్చి పిల్లను తీస్కపోతడట. నాకు పిల్లను సాకే తెలివి లేదట."

"పిల్లను అట్ల ఇడిచిపెట్టి తిరిగితే ఎవడైన అంటడు."

ఆ మాట అన్నాక అనసూయకే ఎక్కువైందనిపించింది. కానీ నోరు జారింది, ఇక చేసేదేముంది. వినీల లేచి వచ్చి తల్లి ఎదురుగా నిలబడింది. గొంతు పెంచలేదు.

"రేపు పొద్దుగాల నువ్వు స్తంభం కాడ నిలబడు. నీ తనిఖీ పలక చేతుల పట్టుకో. నేను కిటికీల నిలబడ్త పిల్లనెత్తుకోని. నీ కండ్లతోని నువ్వే చూడు. ఆ తర్వాత నీ ఇష్టం."

మర్నాడు అనసూయ అలాగే చేసింది. కూతురి మొండితనం వదిలించడానికే చేసిందని చెప్పాలి. అప్పుడప్పుడే సాంచెలు మొదలవుతున్నాయి, వీధంతా టకటకమని మోగుతోంది. స్తంభం కింద నిలబడి పలక తెరిచింది. ఎదురుగా తన ఇంటి కిటికీ. ఊచల వెనక వినీల, ఆమె భుజం మీద చిన్ని. వినీల తల్లివైపే చూస్తోంది.

పలక మీద అనసూయ ఇంటి బొమ్మ వచ్చింది. అందులో ఒక చిన్న చుక్క వెలిగింది. "పసిబిడ్డ ఒకరు. పెద్దవాళ్ళెవరూ లేరు."

అనసూయ కిటికీ చూసింది. పలక చూసింది. మళ్ళీ కిటికీ చూసింది. పలకను ఆపి మళ్ళీ తెరిచింది. అదే చుక్క. వినీల కదిలి గది రెండో చివరికి వెళితే చుక్క కూడా అటు వెళ్ళింది. అంటే పిల్ల గాలిలో తేలుతూ తనంతట తాను గది దాటినట్టు పెట్టె నమ్ముతోంది. 

వినీల బయటికి వచ్చి పిల్లను తల్లి చేతిలో పెట్టి, ఒక్క మాటైనా అనకుండా లోపలికి వెళ్ళింది. కిటికీ దగ్గర నిలబడి రెండు చేతులూ ఊచల మీద పెట్టింది.

"ఇంట్లో ఎవరూ లేరు" అంది పలక.

 కళ్ళెదుట, పిలిస్తే పలికేంత దూరంలో కన్నకూతురు నిలబడి ఉంది. ఇన్నాళ్ళూ ఈ పిల్ల చెప్పింది నిజం. ఇన్నాళ్ళూ ఈ పిల్లను తాను నానా మాటలూ అంది. అంతకంటే భయం వేసింది ఇంకొకందుకు. వినీలకు ఏమైనా అయితే ఈ వీధిలో ఏ పెట్టెకూ తెలియదు.

"ఎందుకట్ల?" అని ఆమె తనలో తను అనుకున్నట్టే అంది గాని, కిటికీలోకి వినిపించింది.

"నాకెట్ల తెల్సు?" అంది వినీల. "దానికి ఇల్లు నేర్పిన్నాడు నువ్వే ఉన్నవు గద. బోనాల నాడు."

"బోనాల నాడు ఇంట్ల ఎవ్వరు లేరు..."

అలవాటుగా వచ్చిన మాట సగంలో ఆగిపోయింది.

"నేనెక్కడున్ననమ్మా బోనాల నాడు?" అంది వినీల.

సాంచెల వాడలో ఒక ఆనవాయితీ ఉంది. పోచమ్మ ఊరేగి వెళ్ళే దినం బాలింతల మీద, పసిబిడ్డల మీద, జబ్బుతో ఉన్నవాళ్ళ మీద తల్లి చూపు పడితే తట్టుకోలేరంటారు. వాళ్ళను లోపలే ఉంచి బయట తాళం వేసి వెళతారు. లోపలివాళ్ళు చప్పుడు చేయకూడదు. బోనం ఎత్తే ముందు, అమ్మవారి తమ్ముడు పోతరాజుగా వేషం కట్టినవాడు ప్రతి గడప ముందూ ఆగి "ఇంట్ల ఎవరున్నరు?" అని అడుగుతాడు. ఇంటావిడ "ఎవ్వరు లేరు" అని తాళం తిప్పుతుంది. ఇదంతా అమ్మవారిని ఏమార్చడానికి. వాడలో ప్రతివాళ్ళకూ తెలుసు, కానీ ఆ రోజు ఎవరూ దాని గురించి మాట్లాడరు. ఇంకో మాట, ఆ రోజు అలా అన్నవాళ్ళకు తాము అబద్ధం ఆడుతున్నామన్న ఊహే ఉండదు. తాళం పడిందంటే ఇల్లు ఖాళీ. అంతే.

ఆ దినం వినీలకు పురుడు తీరలేదు. పిల్లను పొత్తిళ్ళలో పెట్టుకుని లోపల పడుకుంది. "ఎవ్వరు లేరు" అని పోతరాజుకు చెప్పి తాళం తిప్పింది అనసూయే. ఆ తాళంచెవి చేతిసంచిలో వేసుకుని, అదే సంచిలోంచి కలం తీసి, ఇళ్ళన్నీ ఖాళీ అని సంతకం పెట్టింది. రెండూ ఒక్క పూటే చేసింది. రెంటికీ సంబంధం ఉందని ఇప్పటిదాకా ఆమె బుర్రకు తట్టనే లేదు.

అనసూయ పిల్లను గుండెకు హత్తుకుని స్తంభం గద్దె మీద కూలబడింది. తరువాత చేసిన మొదటి పని అగ్నిమాపక కేంద్రానికి ఫోన్. సాంచెల వాడలో పెట్టె ఖాళీ అన్న ఏ ఇంటినీ నమ్మవద్దని చెప్పింది. రెండో ఫోన్ ఫర్హత్‌కు.

ఫర్హత్ మధ్యాహ్నానికి కారులో దిగింది. సన్నగా, అద్దాలు పెట్టుకుని, ఎప్పుడూ చేతిలో ఏదో ఒక తీగ చుడుతూ ఉండే మనిషి. అనసూయ చెప్పింది విని తీగ చుట్టడం ఆపేసింది.

"లోపల మనిషిని పెట్టి తాళం వేశారా?"

"వేస్తం."

"మేడం, నేను ఆ రోజు మిమ్మల్ని రెండుసార్లు అడిగాను. ఎవరూ లేరు కదా అని."

"నేను కూడ రెండుసార్లు లేరనే చెప్పిన."

ఫర్హత్ తీగను సంచిలో పడేసింది.  "మనిషి ఊపిరిని పెట్టె ఇంటి సొంతం అనుకుంది. ఫ్రిజ్జు వణుకు లాగే లెక్కలోంచి తీసేస్తోంది. మీ మనవరాలి ఊపిరీ మొదట్లో అలాగే పోయి ఉంటుంది. పిల్ల పెరిగింది, ఊపిరి తీరు మారింది, అందుకని ఇప్పుడు కనిపిస్తోంది. పెద్దవాళ్ళ ఊపిరి అంత తొందరగా మారదు."

"దసరా కాడికి మారింది" అంది వినీల పక్కనుంచి. "అప్పట్నుంచే నేను చెడ్డదాన్నయిన."



ఏ ఇంటి సున్నాలో ఏముందో చూడాలంటే ఒక దారి ఉందంది ఫర్హత్. పెట్టె లెక్కలోంచి తీసేస్తున్న దాన్నే పలక తెర మీదికి తెప్పించవచ్చు. నిజంగా ఖాళీ ఇల్లయితే ఫ్రిజ్జు, పరదా తప్ప ఏమీ ఉండకూడదు. స్తంభం తర్వాత స్తంభం పట్టుకుని ఇద్దరూ నడిచారు. వినీల చిన్నిని ఎత్తుకుని వెనకే వచ్చింది. చాలా ఇళ్ళకు తెర మీద సన్నని వణుకులు తప్ప ఏమీ లేవు. కొన్నింటికి మాత్రం ఒక గీత మెల్లగా లేచి, మెల్లగా దిగుతోంది. అవి మనుషుల ఊపిర్లు. ఎవరిదో ఫర్హత్ అడగకుండానే అనసూయ చెబుతోంది.

"ఇది గుండేటోళ్ళ కోడలు. అప్పుడు టైఫాయిడు." కొంచెం ముందుకు వెళ్ళాక, "ఇది వేములోళ్ళ పిల్ల. కాన్పు పోయి మంచంల ఉండె."

 ఇంతమందిని తానే, తన సంతకంతో, లెక్కలోంచి తీసేయించింది. వాళ్ళు రోజూ వండుతున్నారు, ఉతుకుతున్నారు, బీడీలు చుడుతున్నారు, పెట్టెకు మాత్రం లేరు. అడుగు పడటం కష్టమైంది. ఎందుకంటే వీధి మలుపులో ఏ ఇల్లు ఉందో ఆమెకు తెలుసు. బోనాల నాడు ఆ ఇంటావిడకు జ్వరమన్న సంగతి కూడా ఇప్పుడిప్పుడే గుర్తుకు వస్తోంది.

"వద్దమ్మా, నువ్వు ఈడ్నే ఉండు. మేము చూస్తం" అంది వినీల.

"చూడాలె" అంది అనసూయ.

బాలవ్వ ఇల్లు నల్లబడిన గోడలుగా నిలబడి ఉంది. పైకప్పు లేదు. ఎదురుగా స్తంభం మీది పెట్టెకు మసి పట్టింది గాని పనిచేస్తూనే ఉంది. కాలిన గడప మీద రాజమల్లు కూర్చుని ఉన్నాడు. ఈ మధ్య అతను పనికి పోవడం మానేసి రోజంతా అక్కడే కూర్చుంటున్నాడని వాడలో చెప్పుకుంటున్నారు. అనసూయను చూసి లేచి వెళ్ళిపోబోయాడు.

"రాజమల్లూ, ఒక్క నిమిషం ఆగు. దండం పెడ్త."

ఆ మాటకు ఆగాడు. ఫర్హత్ తెర తెరిచింది. 

పైకప్పు లేని ఆ ఇంటి సున్నాలో ఒక గీత లేచింది. దిగింది. మళ్ళీ లేచింది. నెమ్మదైన ఊపిరి. మధ్యలో గీత ఒక్కసారిగా పైకీ కిందికీ కొట్టుకుని, కాసేపటికి సర్దుకుని, మళ్ళీ మెల్లగా లేవసాగింది.

రాజమల్లు దగ్గరికి వచ్చాడు. "ఇదేందక్కా?"

 ఫర్హత్ తల వంచుకుంది. అతను జవాబు కోసం ఆగకుండా తెర మీదికి వంగాడు. మళ్ళీ గీత కొట్టుకుంది.

"దగ్గుతున్నది" అన్నాడు. నేత పనివాళ్ళ దగ్గు అది, నూలు దుమ్ముతో వచ్చేది. పుట్టిన దగ్గర్నుంచీ దాన్ని వింటూ పెరిగినవాడు గీతలోనే గుర్తుపట్టాడు. "మా అవ్వ."

"బోనాల నాటిది" అంది అనసూయ ఎలాగో. "జరముండె గద. నువ్వు తాళమేసి వచ్చినవు. పెట్టె మీ అవ్వను గోడల కలిపేసుకున్నది. అందుకే ఆ రోజు..."

"నేను చెప్పిన గదక్కా" అన్నాడు రాజమల్లు. అరవలేదు, తిట్టలేదు. అరిచినా బాగుండేది. "లోపల్నే ఉన్నదని చెప్పిన గద. నువ్వే గద నా చెయ్యి పట్టుకున్నది."

"నేనే."

"తాళమేసింది కూడ నేనే" అన్నాడు అతను. "ఎవ్వరు లేరని పోతరాజుకు చెప్పింది కూడ నేనే."

చుట్టుపక్కల షెడ్లలోంచి జనం ఒక్కొక్కరే వచ్చి చేరుతున్నారు. సాంచెలు ఒకటొకటిగా ఆగిపోతున్నాయి. తెర మీద గీత లేచి దిగుతూనే ఉంది. మనిషి ఊపిరిని పెట్టెలో ఉంచకూడదని నిబంధన, దాన్ని ఈ పూటే తుడిచేయాలి. ఆ మాట ఫర్హత్ నాలుక చివరి దాకా వచ్చి ఆగింది. అనసూయకూ గుర్తుంది, రాసింది ఆమే కదా.

వెనక నిలబడ్డ ఒక ముసలాయనకు తెర సరిగా కనిపించలేదు. అందరూ ఆ కాలిన ఇంటివైపే చూస్తున్నారని చూసి, మెడ సాచి అడిగాడు.

"ఏందే అనసూయా? ఇంట్ల ఎవరున్నరు?"

వినీల తల్లి ముఖంలోకి చూసింది. అనసూయ కళ్ళు తుడుచుకోలేదు, గొంతు తగ్గించలేదు.

"బాలవ్వ ఉన్నది పెదనాయనా" అంది. "ఆ రోజు కూడ ఇంట్లనే ఉన్నది."